బేస్తారం పంచాది

శక్తినగర్ థర్మల్ ప్లాంటు గేటుకి ఎదురుగా, రోడ్డు దాటితే, ఒక రేకుల కప్పు ఉంది. దాని కింద సుమంగళ పొయ్యి. రాత్రి షిఫ్టు దిగేవాళ్లూ పొద్దున షిఫ్టు ఎక్కేవాళ్లూ ఒకేసారి వచ్చి పడతారు కాబట్టి ఆ కాసేపు ఆమెకి ఊపిరాడదు. బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిపాయల తాలింపులో దొర్లించి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన రెండు మిర్చి బజ్జీలు. కన్నడంలో అడిగినవాడికి కన్నడంలో జవాబు, ఉర్దూలో అడిగినవాడికి ఉర్దూలో జవాబు, అరువు అడిగినవాడికి ఏ భాషలోనూ జవాబు లేదు. గాలి ఇటు తిరిగి చిమ్నీల బూడిద రాలడం మొదలైతే ఒక చేత్తో మూకుడు మీద మూత పట్టుకొని రెండో చేత్తో పొట్లాలు కట్టేది. అది చూడాల్సిన పని.

ఇల్లు మాత్రం రాయచూరులో. అన్న జగన్నాథ్ ఇంట్లో వెనక గది ఆమెది. తెల్లారకముందే బస్సెక్కి వెళ్లడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. యాభైకి దగ్గర పడింది. మొగుడు బతికే ఉన్నాడు గానీ అతనికి వేరే సంసారం. "పేరైతె సుమంగళ" అని ఎవరైనా దెప్పితే, "అది గూడ పెద్దోళ్లె పెట్టిన్రు, నన్ను అడిగి పెట్టలే" అనేది. నవ్వుతూనే అనేది. ఆ మాటలో నవ్వు ఎంత, నిజం ఎంత అని ఎవరూ కొలవలేదు.

ఒకరోజు బొరుగుల మూటని ఎడమ చంకలో ఇరికించుకొని బస్సు దిగుతుంటే రొమ్ము పక్కన ఏదో ఒత్తుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్లాక చీర కొంగు కింద చెయ్యి పెట్టి తడిమింది. చింతగింజంత గట్టిగా ఉంది. కదలడం లేదు, నొప్పీ లేదు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదనుకుంది. ఇంటికొచ్చాక వదిన రామాబాయితో వేళాకోళంగా చెప్పింది.

"వదినె, నా దగ్గర చింతగింజ దొరికింది. చారు పెడ్తవా?"

రామాబాయి నవ్వలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి తడిమి చూసింది. ఆమె పిన్ని కూతురు ఇదే జబ్బుతో పోయింది. నొప్పి లేదు, నొప్పి లేదు అంటూనే పోయింది.

"రేపు పొయ్యి పెట్టేది లేదు. దవాఖానకు నడువ్."

"షిఫ్టోళ్లు ఉపాసం ఉంటరె?"

"ఉండనీ. ఒక పొద్దు ఉంటె చావరు."

రాయచూరులో, స్టేషన్ రోడ్డుకి వెనక వీధిలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లింది. సర్జన్ ప్రాణేశ్ ఊరివాడే, రాయచూరు తెలుగే మాట్లాడతాడు. తడిమి చూశాడు, ఫొటో తీయించాడు, సూదితో చిన్న ముక్క తీయించి పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకొని దాచకుండా చెప్పాడు.

"కాన్సరె. కాని శురూల ఉంది. చిన్నగ ఉన్నప్పుడె వచ్చినవ్, మంచి పని చేసినవ్."

సుమంగళ తలూపింది. రామాబాయి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంక బేస్తారం" అన్నాడు ప్రాణేశ్. బేస్తారం అంటే అక్కడ గురువారం. "హైదరాబాద్ నుంచి డాక్టర్లు రైలుకు వస్తరు. మందుల డాక్టరు, కరెంటు పెట్టే డాక్టరు, ఫొటో చూసేటాయన, ముక్కను పరీక్ష చేసే మేడం, నేను, అందరం కూసుంటం. నీ సంగతి మాట్లాడి ఫైసలా చేస్తం."

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న సుమంగళ ముఖం అప్పుడు పాలిపోయింది.

"నేనేం తప్పు చేసిన సార్?"

డాక్టరు జోకనుకొని నవ్వాడు.

ఆమె జోక్ వెయ్యలేదు. అటువైపు ఇంట్లో ఏదైనా చెడితే పెద్దలు కూర్చుంటారు. దాన్ని పంచాది అంటారు. నలుగురు కూర్చోవడం, మాట్లాడటం, ఫైసలా అంటే తీర్పు చెయ్యడం, సరిగ్గా ఈ మూడు మాటలే. ఎవరి గురించి కూర్చుంటారో ఆ మనిషి, అందులోనూ ఆడమనిషి, అక్కడ కూర్చోదు. సుమంగళ మీద ఒకసారి పంచాది జరిగింది. ప్లాంటులో ఏడో యూనిట్ కొత్తగా నడుస్తున్న రోజులవి. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు పుట్టలేదని అత్తగారింటివాళ్లు గొడవ పెట్టారు. జగన్నాథ్ పనిచేసే రైస్ మిల్లులో, కాటా పక్కన చాపలు పరిచి పెద్దలు కూర్చున్నారు. జగన్నాథ్ ఆ కాటా దగ్గరే మూటలు తూకం వేసే మనిషి. ఆ రోజు మాత్రం చాప అంచున కూర్చున్నాడు. మధ్యలో మిల్లు సేటు. సుమంగళని వెనకాల, ఉడికించిన వడ్లు ఆరబెట్టే కల్లంలో నిలబడమన్నారు. అక్కడి నుంచి మనుషులు కనిపిస్తారు, నోళ్లు ఆడటం కనిపిస్తుంది. మిల్లు మిషన్ ఆడుతోంది కాబట్టి ఒక్క మాటా వినపడదు. ఆమె వేడి వడ్ల మీద కాళ్లు మార్చుకుంటూ నిలబడి చూసింది. సేటు చెయ్యి ఊపాడు. మామగారు తల అడ్డంగా తిప్పాడు. మొగుడు నేల చూశాడు. అన్న తలూపాడు. అన్న ఇంకోసారి తలూపాడు. తర్వాత లేచి కల్లంలోకి వచ్చాడు.

"అయింది. నడువ్" అన్నాడు.

ఏమయింది అని అడగలేదు. నడిచింది. ఆ తర్వాత అన్న ఇల్లు, వెనక గది, కొన్నాళ్లకి గేటు ముందు పొయ్యి. జగన్నాథ్ చెల్లెల్ని తక్కువ చూసినవాడు కాదు. రేకుల కప్పు దగ్గరుండి వేయించింది అతనే. కానీ ఆ రోజు తలూపింది దేనికి అని ఆమె ఎప్పుడూ అడగలేదు, అతను చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు.

"బేస్తారం మంచిదే. మంత్రాలయం రాయరి వారం" అంది రామాబాయి, ధైర్యం చెప్పాలని.

"నేను పోను" అంది సుమంగళ.

జగన్నాథ్ తలెత్తాడు. "పోకుంటె ఎట్ల చెల్లె?"

"పంచాదికి ఆడోళ్లు పోతరా? నువ్వు పో అన్నా. నీకు అలవాటే గద. ఎప్పట్లెక్కనె నువ్వె మాట్లాడి రా."

ఆ మాటలో ముల్లు ఉంది. జగన్నాథ్‌కి ముల్లు తగల్లేదు, బాధ్యత మాత్రం తగిలింది. చెల్లెలు భయపడుతోంది, పెద్దవాణ్ణి నేను వెళ్లాలి అనుకున్నాడు. గురువారం పొద్దున పెళ్లిళ్లకి వేసుకునే తెల్లచొక్కా వేసుకొని, ఫొటోలున్న పెద్ద కవరు చంకన పెట్టుకొని, ఒక్కడే ఆసుపత్రికి వెళ్లాడు. అదే సమయానికి సుమంగళ గేటు ముందు మిర్చి వేస్తోంది.

అప్పుడు పంచాదికి వెళ్లినట్టే ఇప్పుడు డాక్టర్ల దగ్గరికీ అన్న ఒక్కడే వెళ్లాడు.

ఆసుపత్రిలో రోగులనీ డాక్టర్లనీ కలిపే పని తనూజ అనే నర్సుది. సిరవార దగ్గర క్యాంపులో పుట్టిన పిల్ల. కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ల మనవరాలు. ఆ ఇంటి మాట ఇంకా అలాగే ఉంది.

"సుమంగళగారు ఏరండి?" అని అడిగింది.

"నేను వాళ్లన్న. నేను చెప్త."

"మీరు చెప్పడం కాదండి, ఆవిడ రావాలి."

"ఆమెకు భయం మేడం. నాకు ఖుల్లా అధికారం ఇచ్చింది" అని తలుపు తోసుకొని లోపలికి వెళ్లాడు. పొడవాటి బల్ల చుట్టూ డాక్టర్లు. జగన్నాథ్‌కి అది మిల్లు చాపల కంటే కొత్తగా ఏం అనిపించలేదు. చేతులు కట్టుకొని నిలబడి, పెద్దల ముందు ఎలా చెప్పాలో అలా చెప్పాడు.

"సార్లకు నమస్కారం. మొత్తం తీసెయ్యిన్రి. పీడ పోవాలె. మాది ఒప్పుదల."

హైదరాబాద్ నుంచి వచ్చిన శ్యామలాదేవి అనే రేడియేషన్ డాక్టరు కళ్లద్దాలు తీసింది. "ఆమె ఏమంటున్నారు?"

"ఆమె ఏమంటది మేడం. నేను ఏమంటె అదె."

బల్ల దగ్గర ఎవరూ తలూపలేదు. ప్రాణేశ్ నెమ్మదిగా, "వచ్చె బేస్తారం పెడ్దం" అన్నాడు. వారం పోయింది. మొదట్లోనే ఉన్న జబ్బుకి వారం పెద్ద లెక్క కాదని ప్రాణేశ్ చెప్పాడు గానీ, జగన్నాథ్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని చాలాసేపు లేవలేదు. తన మాట ఇంత సులువుగా పక్కన పెట్టడం అతనికి ఎప్పుడూ జరగలేదు.

గేటు ముందు సుమంగళ ఫోన్ మోగింది.

"సుమంగళగారేనాండి? తనూజని మాట్లాడుతున్నాను, ఆసుపత్రి నుంచి."

"చెప్పమ్మ. ఫైసలా అయిందా?"

"మీరు లేకుండా ఫైసలా ఏంటండీ?"

"మా అన్న వచ్చిండు గద."

"అన్నయ్యగారు వచ్చారు, మాట్లాడారు. రొమ్ము అన్నయ్యగారిది కాదు కదండీ."

సుమంగళకి నవ్వొచ్చింది. అలా నవ్వి చాలా రోజులైంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లొచ్చాయి. ఫోన్ అలాగే చెవికి పెట్టుకొని నిలబడిపోయింది.

"అక్కా, మిర్చి కరకల ఆగ్తావ" అని అరిచాడు వరుసలో ఉన్న కన్నడం మనిషి, మిర్చి మాడిపోతోందని.

"ఆగ్లి బిడు" అంది ఆమె. కానీలే అని. పొయ్యి పెట్టిన ఇన్నేళ్లలో మిర్చి మాడబెట్టడం అదే మొదలు.

ఇంట్లో జగన్నాథ్ అన్నం ముందు కూర్చొని కలపకుండా ఉన్నాడు. తెల్లచొక్కా విప్పలేదు.

"నన్ను బయటికి పొమ్మన్నరు" అన్నాడు. "మీ చెల్లెను తోలుకొని రా అన్నరు. నేనేమన్న పక్కింటోన్నా?"

సుమంగళ గుమ్మం దగ్గర నిలబడే అడిగింది. "అన్నా, ఆ పొద్దు మిల్లుల నన్ను ఎందుకు పిలవలే?"

రామాబాయి చేతిలో గరిటె ఆగింది.

"ఏ పొద్దు?"

"నీకు ఎరికె."

జగన్నాథ్ అన్నం వైపే చూస్తూ చెప్పాడు. "సేటు ముంగట నిలబడి నువ్వేం మాట్లాడుతుంటివి చెల్లె? అక్కడ నేను గూడ మాట్లాడలే. ఆయన కాటా మీద పనిచేసెటోన్ని. తల ఊపిన, గంతె."

"నన్ను అడిగింటె నేనె పోతుంటి."

"ఏంది?"

"ఆ ఇంట్ల నేను ఉంటనని ఏడ్వలే. రెండో ఆమెను తెస్తరని తెల్సినప్పుడె పోవాలనుకున్న. మీరు చేసిన ఫైసలానె నేను చేస్తుంటి. కాని నేను పోయినట్ల ఉంటుండె. నన్ను పంపించినట్ల కాకుండ."

జగన్నాథ్ ముద్ద కలిపాడు, పెట్టుకోలేదు.

"తినున్రి ముందు" అంది రామాబాయి. "ఇరవై ఏండ్ల పంచాది ఒక్క అన్నం పూటకు తెగదు."

తరువాతి గురువారం ముగ్గురూ వెళ్లారు. సుమంగళ పొయ్యిని పక్కన అరటిపండ్లు అమ్మే హంపమ్మకి అప్పజెప్పింది. ఎంత కడిగినా చేతులకి నూనె వాసన పోలేదు. ఆ చేతుల్ని చీర కింద దాచుకొని బల్ల చివర కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఆమె కోసమే వేశారని తనూజ చెవిలో చెప్పింది. జగన్నాథ్ తలుపు పక్కన కూర్చున్నాడు. రామాబాయి లోపలికి రానంది, బయట బెంచీ మీదే ఉండిపోయింది.

గోడ మీద వెలుతురు పెట్టెలో ఆమె రొమ్ము ఫొటో వేలాడుతోంది. నల్లటి దాంట్లో తెల్లటి చుక్క. అందరూ దాన్నే చూస్తున్నారు. ఆమెకి సిగ్గేసింది. తర్వాత, వీళ్లు చూస్తోంది చుక్కని, నన్ను కాదు అనిపించి కొంచెం తగ్గింది.

ప్రాణేశ్ మొదలుపెట్టాడు. "రెండు దారులున్నయ్ సుమంగళా. ఒకటి, రొమ్ము మొత్తం తీసేది. రెండోది, గడ్డను, దాని చుట్టు జరంత మంచి కండను తీసేది. రెండోదైతె తర్వాత కరెంటు పెట్టించుకోవాలె. నీది చిన్నది కాబట్టి రెండు నడుస్తయ్."

"కరెంటంటే షాక్ కాదమ్మా" అంది శ్యామలాదేవి. "యంత్రం కింద పడుకుంటారు, అంతే. నొప్పి ఉండదు. కానీ వారంలో ఐదు రోజులు రావాలి, మూడు నాలుగు వారాలు. ఆ యంత్రం ఇక్కడ లేదు, హైదరాబాద్‌లో ఉండాల్సిందే."

మందుల డాక్టరు నిఖిలేశ్ చిన్నవాడు, మాట మెల్లగా వస్తుంది. "ఏ దారి తీసుకున్నా ఆపరేషన్‌లో చంక కింద మొదటి గ్రంథి తీసి చూస్తారు. అందులో ఏం లేకపోతే మాత్రలతో సరిపోవచ్చు. ముక్క పరీక్షలో మాత్రలు పనిచేసే రకమనే వచ్చింది. గ్రంథిలో ఏమైనా ఉంటే మాత్రం సెలైన్‌లో ఎక్కించే మందు గురించి మళ్లీ కూర్చోవాలి."

"మల్ల కూసోవాల్నా" అంది సుమంగళ.

"మీతోనే" అన్నాడు.

తర్వాత జరిగింది ఆమె ఎదురుచూడనిది. ప్రాణేశ్, మొత్తం తీసేస్తేనే ఈమెకి నయమేమో, హైదరాబాద్‌లో అన్ని రోజులు ఉండలేదు, కరెంటు సగంలో ఆపితే ఇంకా కష్టం అన్నాడు.

"ఉండలేదని మీకెవరు చెప్పారు?" అని శ్యామలాదేవి అడ్డుపడింది.

"వాళ్లన్న చెప్పిండు మేడం."

"మళ్లీ అన్నయ్యేనా?"

జగన్నాథ్ తలుపు వైపు చూశాడు. ముక్క పరీక్ష చేసిన మేడం, "చిన్న గడ్డకి అంతా తీయాలని నా రిపోర్టులో ఏం లేదు" అంది. ఫొటోలు చూసే డాక్టరు, మిగతా రొమ్ములో అనుమానం ఏమీ కనిపించలేదు అన్నాడు. ప్రాణేశ్ ఒప్పుకోలేదు. అది రొమ్ము గురించి కాదు, బస్సుల గురించి, ఉండే చోటు గురించి నేను మాట్లాడుతున్నా అన్నాడు. ఒకళ్ల మాట మీద ఒకళ్లు. సుమంగళ ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి చూపు తిప్పుతూ వింది. ఇక్కడ మిషన్ ఆడటం లేదు. ప్రతి మాటా వినపడుతోంది. వినపడటం సుఖమేం కాదని కూడా అప్పుడే తెలిసింది. కల్లంలో నిలబడ్డ రోజు ఆమెకి కోపం మాత్రమే ఉంది. ఇప్పుడు భయం కూడా ఉంది. పెద్దలకే ఒక మాట లేదు, అంటే తప్పు దారి పట్టే వీలు కూడా ఉంది.

"ఒక్కటి అడుగుత" అంది. అందరూ ఆగారు. "ఏ దారిల పోతె ఎక్కువ దినాలు బతుకుత?"

"రెండిట్ల ఒకటె" అన్నాడు ప్రాణేశ్. ఈసారి బల్ల దగ్గర ఎవరూ కాదనలేదు.

"అయితె ఇది మీరు తేల్చేది గాదు."

"కాదు. అందుకె పిలిచినం."

సుమంగళ లేచింది. "మీరందరు లోపలుండున్రి. నేను బయటికి పోయి వస్త."

జగన్నాథ్ కూడా లేచాడు.

"నువ్వు గూడ కూసో అన్నా."

అతను కూర్చున్నాడు.

బయట వరండాలో ఫినాయిల్ వాసన. బెంచీ మీది నుంచి రామాబాయి లేవబోతే చేత్తోనే వారించింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తలుపు సందులోంచి టీ కప్పుల చప్పుడు వినిపిస్తోంది, సాయంత్రం రైలు గురించి ఎవరో అడుగుతున్నారు. లోపల వాళ్లు, బయట తను. కాళ్లకింద నేల చల్లగా ఉంది. మొత్తం తీసేస్తే త్వరగా గేటుకి వెళ్లొచ్చు. అన్నకి నిశ్చింత. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు లేరు. అన్ని వారాలు పోతే పొయ్యి హంపమ్మదైపోతుంది, అడిగినా తిరిగి రాదు. ఇవన్నీ ఒకవైపు. రెండో వైపు పెట్టడానికి ఏమీ లేదు, తన చెయ్యి తప్ప. ఆ చెయ్యి తనకి తెలియకుండానే కొంగు కిందికి వెళ్లి ఎడమ రొమ్ము మీద ఆగి ఉంది.

తనూజ నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"తొందరేం లేదండి."

"నీకు పెండ్లయిందా అమ్మ?"

"లేదండి."

"ఎవరైన కూసొని ఫైసలా చేస్తున్నరా?"

"చేస్తానే ఉన్నారండి" అని నవ్వింది తనూజ. "నేను డ్యూటీ ఉందని తప్పించుకుంటున్నా."

సుమంగళ నీళ్లు తాగి లోపలికి వెళ్లింది. కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"ఒకసారి మొత్తం ఇడిసిపెట్టి వచ్చిన. ఈసారి చెడ్డదాన్నె ఇడుస్త. గడ్డ తియ్యిన్రి. కరెంటుకు నేను హైదరాబాద్‌కు పోత."

ప్రాణేశ్ తలూపాడు. అతనికి అది గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఉండే చోటు సంగతి చూడమని తనూజకి అక్కడికక్కడే చెప్పాడు. జగన్నాథ్ మాత్రం తలుపు పక్క కుర్చీలో నేల చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు సుమంగళ ఒకప్పుడు కల్లంలోంచి చూసింది, వేరేవాడి ముఖంలో.

బస్టాండు దాకా అతను ముందు నడిచాడు, ఆడవాళ్లు వెనక. మధ్యలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పీడ పోవాలనె అన్న. నీ చెడు కోరి గాదు."

"ఎరికె."

"రేపు ఏమన్న అయితె? సగమె తీసిన్రు, మల్ల వచ్చింది అంటె?"

"అయితె నాది" అంది సుమంగళ.

అతను అప్పుడు తిరిగి చూశాడు. ఆమె ముఖంలో ధైర్యం లేదు. మాట మాత్రం ఉంది. అతనికి అది ఇంకా భయమేసింది. ఇంటికొచ్చాక కొన్నాళ్లు చెల్లెలితో ముభావంగా ఉన్నాడు.

గేటు ముందు ఈ వార్త పొగకంటే ముందే పాకింది. కరెంటు పెట్టించుకోవడానికి హైదరాబాద్ పోతోందని తెలిసి, బాయిలర్ దగ్గర పనిచేసే ఉలిగప్ప పొట్లం అందుకుంటూ అన్నాడు. "అక్కా, కరెంటు తయారయ్యేది ఇక్కడ. నువ్వు హైదరాబాద్‌కు పోతవా? ఒక తీగ లాగి ఇస్త, ఈడనె పెట్టుకో."

"మీ కరెంటు మా ఇంట్లనె పొద్దుకు నాలుగుసార్లు పోతది. అది నమ్ముకుంటె నేను గూడ పోత."

వరుసంతా నవ్వింది. ఉలిగప్ప నవ్వి, పొట్లంతో రోడ్డు దాటాడు. హంపమ్మ అప్పటికే బొరుగులు పిండటం నేర్చుకుంటోంది. ఆమె చేతిలో నీళ్లు సరిగా పోవడం లేదు, ఉగ్గాని ముద్దవుతోంది. "గట్టిగ పిండు" అని చెప్పబోయి సుమంగళ ఆగింది. తర్వాత చెప్పింది. ఎలాగూ చెప్పాలి.

ఆపరేషన్ ప్రాణేశే చేశాడు. గడ్డ తీశాడు, చుట్టూ కండ తీశాడు, చంక కింద గ్రంథి తీశాడు. గాయం చిన్నదే. ఎడమ చెయ్యి ఎత్తితే లాగుతుంది. బరువు మోయొద్దన్నారు. మూట చంకలో ఇరికించుకోవడం ఇక కుదరదు. మరి మూట ఎవరు దింపాలో ఇంకా తేలలేదు.

ముక్కల రిపోర్టు వచ్చిన రోజు జగన్నాథ్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. మందుల కోసం వెళ్లినవాణ్ణి తనూజ చూసింది. రిపోర్టు అతని చేతికి ఇవ్వలేదు, సుమంగళగారితోనే మాట్లాడతానంది. ఇదివరకటిలా అతను పోట్లాడలేదు. ఇంటికొచ్చి వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ పిల్ల ఫోన్ చేస్తది నీకు. నాకు చెప్పలే. మొకం చూస్తె మాత్రం..." అని ఆపేశాడు.

ఫోన్ వచ్చింది. సుమంగళ మంచం అంచున కూర్చొని వింది. తీసిన గడ్డ అంచుల్లో జబ్బు లేదు, అది మంచి వార్త అని చెప్పింది తనూజ. గ్రంథిలో మాత్రం కొంచెం ఉంది. కొంచెమే. మందుల డాక్టరు నిఖిలేశ్ సెలైన్ మందు కావాలేమో అంటున్నారు, శ్యామలాదేవి మేడం అక్కర్లేకపోవచ్చు, ఇంకొక పరీక్ష చేసి చూద్దాం అంటున్నారు. గురువారం కూర్చుంటారు.

"జుట్టు పోతదా?" అని అడిగింది సుమంగళ.

"ఆ మందైతే పోతుందండి. మళ్లీ వస్తుంది. ఇవ్వాలో వద్దో ఇంకా తేలలేదు. మీరు వస్తేనే..."

"ఎరికమ్మ. నేను వస్తెనె."

ఫోన్ పక్కన పెట్టింది. రామాబాయి వచ్చి పక్కన కూర్చుంది. గేటు ముందు పొయ్యి హంపమ్మ చేతిలో ఉంది. హైదరాబాద్ ఇంకా మొదలే కాలేదు. దానికి ముందు ఇప్పుడు ఇంకోటి వచ్చి కూర్చుంది. ఏ దారీ పూర్తిగా కనపడటం లేదు.

గురువారం పొద్దున జగన్నాథ్ తెల్లచొక్కా వేసుకొని వాకిట్లో చెప్పుల దగ్గర నిలబడ్డాడు. రమ్మంటుందో వద్దంటుందో తెలియక, చెప్పులు వేసుకోకుండా, విప్పకుండా, ఒక కాలు ఒకదానిలో పెట్టి ఉన్నాడు. సుమంగళ కుడిచేత్తో ఫొటోల కవరు తీసుకొని బయటికొచ్చింది. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు.

"అయిపోయిందనుకుంటి చెల్లె" అన్నాడు.

"కాలే" అంది సుమంగళ. కవరు అతని చేతికిచ్చి ముందు తను మెట్టు దిగింది. "నడువ్."